గొంతు రంగు

గజపతినగరం దాటుతుండగా బస్సు కిటికీలోంచి వచ్చిన రాతిపొడి పళ్ల మధ్య కరకరలాడింది. అది ఏ కొండ పొడో తల తిప్పకుండానే తెలిసింది. పన్నెండేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

నేను జువాలజీ డిగ్రీ చదివే రోజుల్లో మా ల్యాబు ఊడ్చి, సీసాలు కడిగే ఆవిడ పైడమ్మత్త. వాళ్ల ఊరు ఆ కొండ కిందే. పిట్టల మీద నా సరదా చూసి, ఒక ఆదివారం కొండ కింద పారే గెడ్డ ఒడ్డుకి తీసుకుపోయింది. కొమ్మ మీద నీలం ఈగపిట్ట కనిపించగానే నేను పుస్తకంలో పేరు రాసేయబోయాను.

“ఆగే పాపా! ఏటి సూసినావని రాస్తన్నావు? రెండు రకాలున్నాయి. రెండిటికీ ఈపు నీలమే, రొమ్ము నారింజే. గొంతు సూడు. గొంతు కూడా నారింజైతే మనూరిది, ఏడాదంతా ఈడే ఉంటాది. గొంతు నీలమైతే సలికాలం సుట్టం. ఎండలకి ఎలిపోతాది.”

మూడేళ్లలో ఏ లెక్చరరూ నాకు అంత శ్రద్ధగా చూడటం నేర్పలేదు.

ఆఖరి సంవత్సరం ఆ కొండ మీద క్వారీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. దాని అనుమతికి కావలసిన పిట్టల నివేదిక రాసే పని మా లెక్చరరుకి దక్కింది, సాయానికి నన్ను పెట్టుకున్నాడు. మే నెల మండుటెండలో గెడ్డ గట్టు బొరియలో గూడు చూశాను. పిల్లలకి పురుగులు తెస్తున్న మగపిట్ట గొంతు నారింజ. ఆయన కారు దిగకుండానే, ‘నీలిగొంతు ఈగపిట్ట, శీతాకాలపు వలస, ఇక్కడ గూడు కట్టదు’ అని రాశాడు. తప్పని చెప్పాను.

“గొంతు ఎవడు చూడొచ్చాడమ్మా? సంతకం పెట్టు. నీ ప్రాక్టికల్సు నా చేతిలోనే ఉన్నాయి.”

పెట్టాను.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు శామియానా కింద పైడమ్మత్త మైకు అందుకుంది. “ఆ రాసింది అబద్దం బాబూ. ఆ పిట్ట ఈడే గూడెడతాది, నాను సూసినాను.”

లెక్చరరు నవ్వాడు. “మా ల్యాబు ఊడ్చే ఆవిడండీ.” ముందు వరుసంతా నవ్వింది.

ఆవిడ బెదరలేదు. నన్ను చూపించింది. “ఈ పాపకి తెలుసు. అడగండి.”

అధికారి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మర్నాడు ల్యాబులో ఆవిడ ఒక్క మాటే అంది. “తెలీక ఊరుకుంటే నాకు కోపం వచ్చేది కాదు. తెలిసే ఊరుకున్నావు.” మళ్లీ నాతో మాట్లాడలేదు. కొండని పేల్చేశారు, గెడ్డ పూడిపోయింది. నిరుడు ఆవిడ పోయిందని విన్నాను. బతికుండగా వెళ్లి క్షమించమని అడగలేదు. లెక్చరరుని తిట్టుకోవడం తేలిక. నన్ను నేను తిట్టుకోవడం ఇంకా పూర్తికాలేదు.

ఇప్పుడు కొత్తవలసలో పాఠాలు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా “నాను సూసినాను టీచర్” అంటే వెనక కిసుక్కుమంటారు. అప్పుడు పుస్తకం మూసేస్తాను. నవ్విన వాళ్లని నిలబెట్టి, ఆ పిల్ల చూసింది మొత్తం చెప్పేదాకా ఎవరినీ కదలనివ్వను. నా ముఖం చూసి క్లాసంతా భయపడుతుంది. పడనీ.