ఆషాఢంలో మొదలుపెట్టిన ఇల్లు

ముందు నా చేతులు చూడండి. పదహారేళ్లుగా సుద్దముక్క తప్ప ఏమీ పట్టని చేతులు! ఈ బొబ్బలు ఎట్లా వచ్చాయంటారా? నా తెలివి వల్లే. నవ్వకండి, చెప్తాను.

నేను కర్నూల్లో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తానని మీకు తెలుసు. డిమాండ్ పెరిగితే ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏటా ఇదే పాఠం. అంత చెప్పే నేను పద్నాలుగేళ్లుగా బాడిగ ఇళ్లలోనే ఉన్నా. ఈ వేసవిలో ఓనర్ వచ్చి, "మా అల్లునోళ్లు వస్తాండారు సార్, దీపావళి లోపల ఖాళీ చేసియ్యండి" అన్నాడు. అది మాకు ఏడో ఇల్లు. మా ఆవిడ పద్మ ఆ రాత్రి అన్నం తినలేదు. "క్యాలెండర్ తగిలించుకోను ఒక మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగల్ల. నాకింక చేతకాదండీ" అంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న ప్లాటుంది. తిరగ్గా తిరగ్గా బ్యాంకు లోన్ కూడా వచ్చింది. ఇక అప్పుడు పనిచేసింది నా బుర్ర! ఆషాఢంలో ఎవరూ ఇల్లు మొదలుపెట్టరు. మేస్త్రీలు, కూలీలు ఖాళీ. అంటే డిమాండ్ లేదు. అంటే రేటు తగ్గుతుంది. అందరూ ఆగిన నెలలో మనం మొదలుపెడితే?

పొద్దున్నే కూలీల అడ్డా దగ్గరికి పోయాను. కోడుమూరు వైపు నుంచి వచ్చే మద్దిలేటి మేస్త్రీ అక్కడ ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. నేను రేటు చెప్పాను.

"శానా తక్కువ సార్."

"ఆషాఢం కదా మేస్త్రీ, ఇప్పుడు నీకు ఎవరిస్తారు పని?"

"ఆషాఢంలో గూడా ఆకలయితాది గదా సార్" అంటూ లేచి, తాపీ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

ఆ మాట ఆ రోజు నాకు గుచ్చుకోలేదు. బేరం కుదిరిందన్న సంతోషంలో స్వీట్లు కొనుక్కుని ఇంటికి పోయాను!

నెల తిరిగేసరికి గోడలు లింటల్ దాటాయి. పద్మ రోజూ సాయంత్రం వచ్చి గోడలకు నీళ్లు పట్టేది. ఆమె ముఖం చూసి, నా అంతటోడు లేడనుకున్నాను.

అప్పుడొచ్చింది శ్రావణం. ఒక్క సంగతి మరిచిపోయాను చూడండి. ఆషాఢం ఒక్క నెలే. ఇల్లు ఒక్క నెలలో లేవదు! ఆగినవాళ్లంతా ఒకేసారి కొబ్బరికాయలు కొట్టారు. మా కాలనీలోనే తొమ్మిది ఇళ్లు. పైకప్పుకి సెంట్రింగ్ చెక్కలయితే ఎట్లాగో కొట్టించాను గానీ, కాంక్రీటు వేసే ముఠా దొరకలేదు. సగం మంది బెంగళూరు పోయారు. ఉన్నవాళ్లు మంచిరోజులన్నింటికీ ముందే ఒప్పుకున్నారు. స్లాబ్ పడకుంటే దీపావళికి మేం ఎనిమిదో బాడిగింట్లో ఉంటాం.

మద్దిలేటిని బతిమాలాను. "ముఠాలో అందరూ నీ మనుషులే కదా, ఒక్కరోజు చూడు."

"ఒప్పుకున్న పనులు ఇడిచిపెడితే ఎట్ల? ఈ రెండు నెల్లు సంపాయించుకుంటేనే సార్, పని లేని నెల్లల్లో మా పొయ్యి ఎలిగేది. మీకు తెల్దా?"

తెలుసు. సీజనల్ నిరుద్యోగం అని పుస్తకంలో ఒక పేరా ఉంది. ఏటా నేనే చెప్తాను. ఆ పేరాలో ఉండేది ఇతనేనని ఆ రోజు దాకా తట్టలేదు. సిగ్గేసింది, నిజంగానే.

అయినా సిగ్గుపడితే స్లాబ్ పడదు కదా! మళ్లీ బుర్ర పనిచేసింది. అమావాస్య! ఆ రోజు ఎవరూ స్లాబ్ వేయించరు. వెంటనే ఫోన్ కొట్టాను.

"అమావాస్యకి గూడా ఒప్పుకుంటిమి సార్" అన్నాడు మద్దిలేటి.

"ఎవరికప్పా?"

"అయ్యవారికి."

అయ్యవారంటే మా కాలనీకంతా ముహూర్తాలు పెట్టే పురోహితుడు! నాకు కోపం నషాళానికంటింది. బండేసుకుని పోయి నిలదీశాను. "ఏం స్వామీ, అందరికీ మంచిరోజులు చెప్పి, మీరు అమావాస్య పెట్టుకుంటారా?"

ఆయన కోప్పడలేదు. "ఊరికంతా మంచిరోజులు పంచిపెడితినప్పా. ఆ రోజుల్లో నాకు మనుషులు యాడ దొరుకుతారు? ఎన్ని ఇండ్లల్లో పాలు పొంగిచ్చినానో నాకే లెక్కలేదు. నేనుండేది మాత్రం బాడిగింట్లోనే."

నా కోపం అక్కడే చప్పబడిపోయింది. ఆయనే అన్నాడు: "నాది రెండు రూములే, మధ్యాన్నానికి అయిపోతాది. అట్నే మీది గూడా ఏపిచ్చుకోండి. కాకపోతే మనుషులు తక్కువుండారు. మనం గూడా వరసలో నిలబడల్ల."

నిలబడ్డాం! పొద్దున ఆయన స్లాబ్. అయ్యవారు పంచె ఎగ్గట్టి నిలబడ్డాడు, ఆయన పక్కన లుంగీలో నేను. కాంక్రీటు నింపిన ఇనుప బాండ్లీలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పైకి పోవాలి. గంటకే నా అరచేతులు మండిపోయాయి. మధ్యాహ్నం మా స్లాబ్ మొదలయ్యేసరికి పడమటి వైపు మబ్బు కమ్మింది. కర్నూల్లో ఎప్పుడూ రాని వాన, ఆ రోజే రావాలా? పద్మ ఆకాశం వైపే చూస్తూ నిలబడింది.

అప్పటికే రెండు బాండ్లీలు జారవిడిచాను. ఒకటి వెనకాయన కాలి మీదే పడింది. పైనుంచి మద్దిలేటి కేక. "సార్! మీ కాడ్నే ఆగిపోతాంది!"

చివరికి దిగొచ్చాడు. మర్యాదగానే చెప్పాడు పాపం. "మీరు పక్కకి జరగండి సార్. మీరు లేకుంటే వాన లోపల అయిపోతాది."

"మరి అయ్యవారు?"

"ఆయప్ప బాగ అందిస్తాండాడు. ఉండనీండి."

పద్మ కొంగు నడుముకి దోపుకుని వచ్చి నా చోట్లో నిలబడింది. వరస ఆగకుండా కదిలింది. చివరి బాండ్లీ పైకి పోయి, స్లాబ్ మీద పట్టలు కప్పాకే చినుకు పడింది.

నేను ఇసుక కుప్ప మీద కూర్చుని అదంతా చూశాను. ఊరంతా మనుషుల్లేక మొత్తుకుంటున్న శ్రావణంలో, ఊరికే చేస్తానన్నా వద్దనిపించుకున్న కూలీని నేనొక్కడినే!