మేనమామకు సింగిల్ మాల్ట్ పిలుపు

మా అమ్మాయి పెళ్లి శుభలేఖను మా బావకు ఫోన్లో పంపాను. బావంటే నా భార్యకు అన్న. సోంపేట దాటి సముద్రం వైపు వెళ్తే కొబ్బరి తోటల్లో వాళ్ల ఊరు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసిన మేనమామ ఆయనే. జవాబుగా బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. మాటల్లేవు.

"మా అన్నయ్య వేలు చూపించాడంటే రాడనే," అంది మా ఆవిడ. "చార్జీలు మిగిల్చారుగా, ఇక ఆ బుట్ట మీరే మొయ్యండి."

కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. అలిగిన మనిషి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని తెలుసు. ఓడలో పనిచేసే మా పక్కింటాయన ఒక స్కాచ్ సింగిల్ మాల్ట్ విస్కీ సీసా, చిన్న చెక్కపెట్టెలో రెండు సిగార్లు తెచ్చుకున్నాడు. ఆర్నెల్లకు సరిపడా పప్పూ నెయ్యీ వాళ్లింటికి చేరవేసి వాటిని లాగాను. లాభం నాదేనని రెండు రోజులు మురిశాను. మూడో రోజు మా ఆవిడ, లాభం ఎవరికో వివరించింది.

ఆ రెంటినీ ఎలా జత కలపాలో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఐసు వద్దు, సోడా వద్దు, నీళ్లు నాలుగు చుక్కలు. ముందు వాసన, తర్వాత గుక్క, ఆపైన పొగ. పొగ మింగకూడదు. ఇంత పని పెట్టుకుని తాగేవాళ్లు ఉద్యోగాలకు ఎప్పుడు వెళ్తారో మాత్రం వీడియోలో చెప్పలేదు.

ఉదయం ఆరున్నరకు విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. సీసాని రెండు తువ్వాళ్లలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. చెక్కపెట్టె తెరిచి, సిగార్లు ఎండిపోకుండా అందులో పెట్టిన స్పాంజి తడిగా ఉందో లేదో చూస్తుంటే, ఎదురు సీట్లో కూరగాయల గంపతో కూర్చున్నావిడ ముందుకు వంగింది.

"ఏటి బాబూ అవి?"

"విదేశీ చుట్టలమ్మా."

"ఇంత లావా! కాలుత్తారా, పొయ్యిలోకెడతారా?"

పది దాటాక పలాసలో దిగాను. స్టేషన్ బయట టిఫిన్ బాగుంది, చట్నీ రెండోసారి అడిగినా మొహం మాడ్చుకోలేదు. విస్కీలోకి నంజుకోవడానికి జీడిపప్పు కావాలి. కొట్టులో ఒక గింజ నోట్లో వేసుకుని, పెదవి విరిచి, ధర అడిగాను.

"మీకూ కొట్టుందా బాబూ?" అన్నాడు కొట్టతను.

"ఎలా తెలిసింది?"

"కొనీవోలు ముందు ధర అడిగి తరవాత తింతారు."

ఆ మాటతో నా బేరం అక్కడే చచ్చింది. అతను చెప్పిన ధరకే విరగని గుండుపప్పు అరకిలో కొన్నాను. వెళ్లేవారికి నా సలహా: ముందు ధర అడగండి.

పలాస నుంచి సోంపేటకు బస్సు, అక్కడి నుంచి తొమ్మిదిమంది కూర్చున్న ఆటోలో పదోవాడిగా నేను. ఒక కాలు ఆటోలో, ఒక కాలు గాల్లో. సీసా మాత్రం సుఖంగా డ్రైవరు పక్కన ప్రయాణం చేసింది.

వీధరుగు మీద కూర్చున్న బావ లేవలేదు. "అమ్మా, బావొచ్చినాడు," అని లోపలికి కేకేశాడు. "బోజనం ఫొటో తీసి ఆడి ఫోన్లోకి పంపీ."

ఫొటోతో సరిపెట్టకుండా అత్తమ్మ కడుపునిండా పెట్టింది. పీత కూర తిన్నాక కళ్లు మూతలు పడ్డాయి. సంచి ఆవిడకు అప్పజెప్పి నిద్రపోయాను.

నాలుగున్నరకు లేచి చూస్తే పెట్టె ఖాళీ.

"సుట్టలు తడిసిపోనాయి అల్లుడుబాబూ," అంది అత్తమ్మ. "పెట్టెలో ఎవులో తడి స్పాంజెట్టినారు, బుర్రనేకుండా. నాను సూడబట్టి సరిపోయింది. మేడ మీద ఎండేసినాను."

అత్తమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటుంది. పొగాకు తడిస్తే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. మేడెక్కాను. చేటలో నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. వాటి మధ్యన, వాటికి పెద్దన్నల్లా, నా రెండు సిగార్లు.

చేసేదిలేక అవే పట్టుకుని బావతో సముద్రపు ఒడ్డుకు వెళ్లాను. సరుగుడు చెట్ల కింద రెండు గ్లాసుల్లో రెండు వేళ్ల ఎత్తు పోశాను. బావ వెంటనే అందులో కలపడానికి కొబ్బరిబోండాం ఎత్తాడు. చెయ్యి అడ్డుపెట్టి, "ముందు వాసన చూడాలి బావా," అన్నాను.

చూశాడు. "సర్కారాస్పత్రిలో కట్టు కట్టినట్టుంది."

"అదే దాని గొప్పదనం. ఇప్పుడు పొగ."

గాలికి పదిహేను అగ్గిపుల్లలు పోయాయి. చివరికి వెలిగిన సిగారు, అప్పడం విరిగినట్టు చిటపటమని చిట్లింది. బావ ఒక్క పీల్పు పీల్చి, "సేపలు మాడిపోనట్టున్నాయిరా ఎక్కడో!" అని ఊరి వైపు చూశాడు.

వెనకే వచ్చిన అత్తమ్మ రెండో సిగారు అందుకుంది. వెలిగించి, అలవాటుగా తిప్పి, నిప్పు వైపు నోట్లోకి తోసింది. అది సగం దూరం వెళ్లి ఇరుక్కుంది. రెండు బుగ్గలూ బూరెల్లా పొంగాయి. బయటికి లాగి, ఉమ్మి, "ఇది సుట్ట కాదు, రోకలి," అంది.

బావ నవ్వలేదు. గ్లాసు ఇసకలో పెట్టాడు.

"సీసా తెచ్చినావు, సుట్టలు తెచ్చినావు, వాసన సూడమన్నావు. వొచ్చినకాణ్ణుంచి ఒక్కసారైనా పెల్లికి రా బావా అన్నావేటి?"

నిజమే, అనలేదు. సరుకు మీద ఉన్న ధ్యాసలో పిలుపే మర్చిపోయాను. ఫోన్లో పంపేశాను కదా అని కాగితం శుభలేఖ, కుంకుమ భరిణ ఇంట్లోనే వదిలేశాను.

"ఇప్పుడు పిలుస్తున్నాను బావా."

"బొట్టేదీ?"

ఇసక, సముద్రం, సీసా. చుట్టూ చూశాను. అత్తమ్మ చేతిలో సిగారు నడుముకి ఎర్ర కాగితప్పట్టీ ఉంది, మధ్యలో గుండ్రటి ముద్ర. దాన్ని చింపి, సింగిల్ మాల్ట్‌లో ముంచి, రెండు చేతులతో బావ నుదుటికి అంటించాను. "పెళ్లికి రావాలి బావా. మా అమ్మాయి బుట్ట నువ్వే మొయ్యాలి."

విస్కీ చుక్క ముక్కు మీదుగా జారి పెదవి మీద పడింది. బావ నాలుకతో అందుకున్నాడు.

"ఇలాగైతే బాగుంది," అని ఇసక మీద వెల్లకిలా పడి నవ్వాడు. "వొత్తానురా. బుట్ట ఎత్తుతాను. నీ కూతురికి ఆ సుట్ట మట్టుకు తగలనియ్యకు."

మర్నాడు ఎనిమిదింటికి పలాసలో విజయనగరం మీదుగా పోయే విశాఖ బస్సు ఎక్కి టికెట్టు తీశాను. సీసా బావ ఉంచుకున్నాడు, కొబ్బరినీళ్లతో. నాకు తేలిందేమిటంటే, సింగిల్ మాల్ట్‌కి పలాస గుండుపప్పు చక్కగా జత కుదురుతుంది. సిగారుని అత్తగారింటికి తీసుకెళ్లకండి.

టెక్కలి వస్తుండగా ఫోను మోగింది. బావ నుదుటి మీద పట్టీతో తీసుకున్న ఫొటో చుట్టాలందరికీ చేరిపోయింది. మొదట పలికింది టెక్కలిలో ఉండే మా పెద్దమ్మ. "ఆడికి బొట్టెట్టి పిలిసి, నాకు ఫోన్లో తగిలెడతావా? నానేటి, పరాయిదాన్నా?" ఆవిడ వెనకే ఇంకో ఎనిమిది ఇళ్ల నుంచి ఇదే మాట మెసేజీలుగా వచ్చింది.

సంచి తీసుకుని లేచాను.

"విజయనగరం టికెట్టు కదా? ఇక్కడ దిగితే మిగతా డబ్బులు రావు," అన్నాడు కండక్టరు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాదించకుండా మెట్లు దిగాను. దగ్గర్లో కుంకుమ ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాను.