మామ కట్టు విప్పిన ఎండాకాలం

మొన్న మా మనవడు చెయ్యి విరగ్గొట్టుకొని, పుత్తూరు కట్టు కట్టించుకొని వచ్చినాడు. గుడ్డకు పట్టించిన ఆకుపసరూ కోడిగుడ్డు తెల్లసొనా కలిసిన ఆ పచ్చివాసన ముక్కుకు తగిలేసరికి నాకు గోయిందు మామ కండ్ల ముందరికొచ్చినాడు.

మా అమ్మకు తమ్ముడు ఆయన. తెల్లోళ్ళు ఇంకా ఉండిన కాలం. బెంగుళూరు బట్టల మిల్లువాళ్ళు ఫుట్‌బాల్ ఆడేదానికనే ఆయనకు కొలువిచ్చి పెట్టుకొన్నారు. గోలుకు ముందర నిలబడి వచ్చేవాళ్ళను అడ్డుకోవడం ఆయన పని. బూట్లు లేవు, ఉత్త కాళ్ళే. ఆ కాళ్ళతోనే ఎదుటివాడికి గీత కూడా పడకుండా బంతిని లాగేసుకొనేవాడంట, అందుకే ఓడిపోయినోళ్ళు కూడా ఆయన భుజం మీద చెయ్యేసుకొని పోయేవాళ్ళంట.

అట్లాంటి మామ కాలు, బంగారు గనుల జట్టులో ఆడే జోసెప్పు ఒక ఆటలో వచ్చి గుద్దుకొంటే విరిగింది. పుత్తూరులో వెదురుదబ్బలేసి కట్టు కట్టించి, చిత్తూరులో మా ఇంట్లో పండబెట్టినారు. ఆ ఎండాకాలమంతా మా ఇల్లు తిరునాళ్ళే. రెండు జట్లవాళ్ళూ రైలు దిగి వచ్చేది, వసారాలో ఈతచాపల మీద కూర్చొని అవ్వ చేసిన రాగిసంకటీ చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ తింటా, మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకొంటా, మామను నవ్వించేది. జోసెప్పు మాత్రం తినకుండా ఆ కట్టు వైపే సూస్తా కూర్చొనేవాడు.

"కూడు ముందర ఏడిస్తే మాయమ్మ కొడతాదిరా అబ్బా, తిను" అనేవాడు మామ.

కట్టు విప్పినాక ఆడలేకపోతే మామ కొలువు పోతాది. ఎండాకాలం ముగిసేలోపల కట్టు విప్పినారు, మామ ఆట కళ్ళారా సూస్తానని మిల్లు మేనేజరు వచ్చినాడు. చిత్తూరు మైదానంలో ఆ రెండు జట్లకే ఆట పెట్టినారు. నేను నాయన భుజాలెక్కి సూస్తా ఉండా.

ఆట మొదలైంది గానీ మామ దగ్గరికి ఎవురూ రారే! బంతి తీసుకొని ఉరికొచ్చేవాడు మామను సూడంగానే పక్కకు తిరిగిపోతాడు, లేదంటే బంతిని ఆయన కాళ్ళకాడ మెత్తగా ఇడిసిపెడతాడు. ప్రేమతోనే చేసినారు, ఆ ప్రేమే ఆయన కొంప ముంచతా ఉండాది. మేనేజరు మొగం ముడుచుకొన్నాడు. మామకు కండ్లు ఎర్రబడినాయి.

"రేయ్ జోసెప్పూ! నేనేమన్నా పసిబిడ్డనా, బంతి ఈడ పెట్టి పోతావు? నామీద అంత పానముంటే మీదికి రారా!"

జోసెప్పు శిలువ గుర్తు వేసుకొని ఉరికినాడు. ఎముకకు ఎముక తగిలిన చప్పుడు అంత దూరంలో ఉండే నాకూ వినబడింది. నాయన నా కాళ్ళు గట్టిగా పట్టుకొన్నాడు. లేచిన దుమ్ములోంచి ముందు బంతి బయటికొచ్చింది, దాని వెనకాలే మామ! ఓడిపోయిన జోసెప్పు నేలమీదనే పండి, చేతులు రెండూ పైకెత్తి, కేకలేస్తా నవ్వతా ఉండాడు. రెండు జట్లూ ఆట ఇడిసిపెట్టి మామను భుజాలకెత్తుకొన్నాయి. రెఫరీ ఎంతసేపు ఈల ఊదినా ఎవురూ దించలేదు. మామకు కొలువూ దక్కింది.

ఇప్పుడా మైదానం చుట్టూ అంగళ్ళు, నడాన బండ్లు నిలబెట్టుకొంటారు. మామా లేడు, జోసెప్పూ లేడు. టీవీలో ఆట వస్తే నేను మాత్రం సూస్తాను. గెలిచినోడు ఎగరడం రోజూ కనబడతాది. తన మీద గెలిచినోడి కోసం నేలమీద పండుకొని అంత సంతోషంగా అరిచే మనిషే, యాడ వెతికినా కనబడడు.