మేడంగారి మగ గొంతు

ఆ రోజుల్లో సికింద్రాబాదులో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసిన ప్రతివాళ్లకీ ఏదో ఒక ఉద్యోగం దొరికేది. దొరికాక అక్కడేం చేయాలో తెలిసుండాలన్న నియమం మాత్రం లేదు. విజయనగరం నుంచి వచ్చి అల్వాల్‌లో పిన్ని వాళ్లింట్లో దిగిన నాకు, రాంగోపాల్‌పేట్‌లో బట్టల కొట్టు పైనున్న చిన్న కంపెనీలో చోటు దొరికింది. ఒక ఆడియో ఫైలు ఇచ్చి, అందులోని శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి గ్రాఫ్ గీయమన్నారు. అంటే ఏ శ్రుతి ఎంత బలంగా ఉందో బొమ్మలో చూపించడమన్నమాట. "గ్రాఫ్ మంచిగొస్తేనే నౌకరి పక్కా" అన్నారు మా సార్. పిన్నికి చెబితే, "పాటలినడానికి జీతమేటే?" అంది.

ఫైల్లో ఒకావిడ పాడుతోంది. స్టీరియో రికార్డింగు. (స్టీరియో అంటే రెండు స్పీకర్లని తప్ప అప్పటికి నాకేమీ తెలియదు.) పుస్తకం చూసి ప్రోగ్రాం రాశాను. గ్రాఫ్ వచ్చింది, నా బుర్ర తిరిగింది. చెవికేమో చక్కటి ఆడగొంతు. గ్రాఫ్‌లో చూస్తే మగవాళ్ల గొంతుండేంత కింద శిఖరాలు. పైగా కుడి చివర, మనిషి గొంతు అందుకోలేనంత పైన, అవే శిఖరాలు అద్దంలో చూసుకున్నట్టు తిరగబడి ఉన్నాయి. ఒకపూట ప్రోగ్రాంని అనుమానించాను, ఒకపూట కంప్యూటర్‌ని. చివరికి, పుస్తకంలో లెక్క తప్పుండదు కాబట్టి తప్పు నా చెవిదేనని తేల్చుకున్నాను.

వారం తిరిగేసరికి సార్ పిలిచారు. ఆయన పక్కన, మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయల సంచీతో ఒకావిడ కూర్చుని ఉంది. కస్టమర్ కాబోలనుకుని ధీమాగా మొదలుపెట్టాను.

"ఇది మగవారి గొంతండి. ఆడగొంతులా వినబడుతుంది గానీ, చెవిని నమ్మకూడదు."

సార్ కిటికీ వైపు తిరిగారు. ఆవిడ సంచీ కింద పెట్టింది.

"ఏందమ్మా, నేను పాడింది సుత నీకు మగాయన లెక్క కనబడ్తున్నదా?"

ఆవిడ సార్ భార్య. నా ఉద్యోగం మెట్లు దిగిపోతున్న చప్పుడు నాకు వినిపించింది. (చెవిని నమ్మకూడదనుకోండి.)

అప్పుడు మా టీం లీడర్, మేమంతా చాయ్ అన్న అని పిలిచే ఆయన, నా ప్రోగ్రాం తెరిచి చూశాడు.

"జెర ఆగు. నంబర్లన్నీ ఒకటే లైన్ల పెట్టినవా? స్టీరియోల ఎడమ చెవిది ఒకటి, కుడి చెవిది ఒకటి, మళ్ల ఎడమది, గట్ల వస్తయి. నువ్వు రెండు చెవులదీ కలిపి ఒకటే పాట చేసినవ్. పాట డబుల్ పొడుగైంది, గొంతు సగానికి దిగింది. ఆ కొసకున్న అద్దం బొమ్మ సుత గా కలుపుడుతోనే వచ్చింది."

రెండింటినీ విడదీసి మళ్లీ గీశాం. శిఖరాలు రెట్టింపు ఎత్తు శ్రుతికి ఎక్కి కూర్చున్నాయి. అద్దంలో బొమ్మ మాయమైంది.

"ఇప్పుడన్న ఆడదాన్నయిన్నా బిడ్డా?"

"అయ్యారు మేడం" అన్నాను, పూర్తి గంభీరంగా. అందరూ ఎందుకు నవ్వారో బస్సెక్కాక గానీ అర్థం కాలేదు.

"అది సరే, పాట ఎట్లున్నది?" అందావిడ.

వారమంతా ఆ పాటని ముక్కలు కోసి కొలిచిన నేను, ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా వినలేదు. అక్కడే కూర్చుని విన్నాను. రెండో చరణంలో ఆవిడ కాస్త శ్రుతి తప్పారు. ఆ సంగతి గ్రాఫ్ చూడకుండానే తెలిసింది.

"బాగుంది మేడం" అన్నాను. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నాకు అంత తెలియనితనమూ లేదు, అంత ధీమా కూడా లేదు. ఆ రెండూ ఒకే పిల్లలో అంత సఖ్యంగా ఎలా కాపురమున్నాయోనని అప్పుడప్పుడూ నవ్వుకుంటాను.