నెమలికంఠం రంగు కమ్మలు

మదనపల్లెలో మా ఇంటి వెనక సందులో పట్టుచీరలు నేసే ఆయన ఉంటారు. ఒక మధ్యాహ్నం ఆయన మడతపెట్టిన చీర ఒకటి పట్టుకుని మా గడపలో నిలబడ్డారు. నేను పాలిమర్ క్లే అనే మెత్తటి ముద్దతో కమ్మలు చేస్తానని ఆయన కూతురు చెప్పిందట.

“అమ్మా, దీనికి తగినట్టు కమ్మలు చేసిస్తావా? పెండ్లికి ఇదే కట్టుకుంటానంటాండాది పాప. వాళ్లమ్మది.”

వాళ్లమ్మ పోయి రెండేళ్లవుతోంది. పెళ్లయిన కొత్తలో ఆమె కోసం ఆయన తన చేత్తో నేసిన చీర అది. నెమలికంఠం రంగు. కదిపితే నీలం, ఇంకాస్త కదిపితే ఆకుపచ్చ.

నేను నీలం ముద్దనూ ఆకుపచ్చ ముద్దనూ కలిపి పిసికాను. పాచిరంగు వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. చివరికి సిగ్గుపడుతూనే ఆయన్ని పిలిచి చూపించాను.

“యాల కలిపేస్తాండావు మా? మగ్గం మింద మేం రంగులు కలపం. నిలువు పోగులు నీలం, అడ్డం పోగులు పచ్చ. దేని పాటికి అది ఉంటాది,” అన్నారు.

మర్నాడు నల్లటి ముద్దను పల్చగా వత్తి, నెమలి ఈకల్లా కోసి, సన్నటి గీతలు గీశాను. నా దగ్గర అభ్రకంలా మెరిసే రంగుపొడులు ఉన్నాయి. కాల్చకముందు ముద్దకు కాస్త జిగట ఉంటుంది, పొడి దానికి అంటుకుంటుంది. కుంచెతో అంతటా నీలం పొడి అద్ది, గీతల మధ్య ఎత్తుగా నిలిచిన చోట మాత్రం వేలికొసతో ఆకుపచ్చ రాశాను. పొడి ఎగరకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఊపిరి మెల్లగా తీసుకుంటూ. ఆ తర్వాత అవెన్‌లో కాల్చి, చల్లారాక వార్నిష్ పూశాను.

ఆయన కమ్మలను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూశారు. ఒకవైపు వంచితే నీలం, ఇంకోవైపు వంచితే ఆకుపచ్చ మెరిసింది.

“ఆ చీర మొదటి తూరి కట్టుకున్న దినం, వాళ్లమ్మ ఇల్లంతా తిరిగి సూపించింది మా,” అన్నారు. కళ్లు తుడుచుకోవడానికి అవతలికి తిరిగారు.

పెళ్లి కుప్పంలో జరిగింది. పెళ్లికూతురు నన్ను చూడగానే కమ్మలు ఊగేలా తల ఆడించి, “బరువే లేవక్కా!” అని నవ్వింది.

భోజనాల దగ్గర వాళ్ల నాన్నే పాయసం వడ్డిస్తున్నారు. నా ఆకు దగ్గర ఆగి, “మా పాపను సూసినావా మా?” అన్నారు.

“సూసినానప్పా.”

“తినేసి ఇంగోసారి సూడు పో,” అని ఇంకో గరిటె వేశారు.