మా బోరులోంచి వచ్చిన కేబుల్ కొస

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. రాయదుర్గం పక్కన మా ఊళ్లో మనుషులకే నీళ్లు లేవు, దయ్యాలు ఏం చూసుకుని ఉంటాయి? నేను బోరు మోటార్లు రిపేరు చేస్తాను. బోర్లన్నీ ఎండిపోయాక ఈ పని నేర్చుకున్నవాణ్ణి, నా తెలివి గురించి ఎక్కువ చెప్పుకోను.

తెలివంతా మా అన్నది. సముద్రం అడుగున కరెంటు కేబుళ్లు పరిచే ఓడలో, కేబుల్ కొసలు అతికే జాయింటర్. ఒక దేశం గ్రిడ్డును ఇంకో దేశం గ్రిడ్డుతో కలుపుతాడు. మా చేనికి కరెంటు ఎప్పుడొస్తుందో మాత్రం వాడికీ తెలియదు.

ఒక సాయంత్రం ఓడ నుంచి ఫోన్ చేశాడు. తుఫాను మీదికొస్తోందట. పరుస్తున్న కేబుల్‌ను కోసి, కొసలోకి నీళ్లు దిగకుండా మూత బిగించి, అడుగుకు వదిలేసి ఓడ తప్పించుకోవాలి.

"మూత నేనే ఎయ్యాల. అయినాక మళ్లా ఫోన్ చేస్తా. నాయనకు చెప్పొద్దురా, బయపడతాడు" అన్నాడు.

స్పీకర్ ఆన్‌లో ఉంది. నాయన పక్కనే ఉన్నాడు.

మళ్లీ ఫోన్ రాలేదు. పొద్దున అన్న ఆఫీసువాళ్లను అడిగితే, ఓడతో సంబంధాలు తెగిపోయాయన్నారు. సముద్రాన్ని చూడాలంటేనే మేము రాత్రంతా బస్సులో కూర్చోవాలి. ఏం చేస్తాం? ఊరకే ఉండలేక నాయన, ఎండిన బోరులోని మోటారు పైకి లాగుదామన్నాడు.

"ఇప్పుడా నాయనా? అది యాడికీ పోదులే."

"నోరు మూసుకోని పైపు పట్టుకోరా."

పైపులన్నీ దుమ్ముకొట్టుకుని వచ్చాయి. చివరికి మోటారు వచ్చింది. కానీ దానికి కేబుల్ అతుక్కుని లేదు. పైపుల వెంట పైకొచ్చిన కేబుల్‌ను ఎవరో నున్నగా కోసి, కొసకు నల్ల రబ్బరు మూత బిగించారు. మూత మీద టేపు ఎడమచేతి వాటంగా చుట్టి ఉంది. అన్నది ఎడమచేయి. మూత తడిగా ఉంది.

ఆ కేబుల్‌ను మోటారుకు కలిపి దింపింది నేనే. తర్వాత ఎవరూ ముట్టలేదు.

"ఎలుక కొరికిందేమో" అన్నాను. ఎలుక టేపు చుట్టదని నాకూ తెలుసు.

నాయన మూతను నిమిరి, "పెద్దోని చెయ్యే ఇది" అన్నాడు.

మరునాడు ఓడ రేవు చేరింది. అన్న లేడు. కేబుల్ కోశాక, ఓడ వెనక భాగంలో మూత బిగిస్తుండగా అల వాణ్ణి లాక్కుపోయిందట. మూత వేయడం పూర్తయిందో లేదో ఎవరూ చూడలేదట.

"ఈడికొచ్చి మూతేసినోడు, ఇంట్లేకి రాకుండా యాడికి పోయినాడప్పా?" అని నాయన నన్నడిగాడు.

ప్రతిదానికీ ఏదో ఒకటి అనే నోరు నాది. ఆ రోజు మాత్రం పోయి బోరులోకి తొంగి చూశాను. నాయన ఇప్పటికీ అడుగుతుంటాడు. నాకు ఇప్పటికీ తెలియదు.