రాజుకు ఎదురెళ్లిన అన్న

మా ఇస్త్రీ చాచా పోయాడు. సౌదీలో, దమ్మామ్‌లో ఒక గోదాము పైకప్పు మీద ఏసీ విప్పుతుంటే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. పానా పక్కన పెట్టి ఆ ఎండలోనే కూలబడ్డాను. ఇప్పటికీ ఆయన కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, పిలుస్తాడేమోనని కాళ్లు ఆగుతున్నాయి.

చాచాది కంబోడియా, అక్కడి ముస్లిం కుటుంబం. చిన్నప్పుడే దేశం విడిచి, మలేషియాలో పెరిగి, ఇక్కడికొచ్చి మా లేబర్ క్యాంపులో ఇస్త్రీ కొట్టు పెట్టుకున్నాడు. మా జగిత్యాల వాళ్ల గదిలో తిని తిని మా మాటే పట్టుకున్నాడు. పచ్చిపులుసు తాగినప్పుడల్లా "ఇండ్ల చేప లేదేంది తమ్మీ?" అని అడిగేవాడు.

టీవీలో ఏ దేశపు నాయకుడు మాట్లాడినా లేచి టీవీ సౌండు తగ్గించేవాడు. "మా దేశంల రాజు పోయిండు, జనరల్ వచ్చిండన్నరు. జనరల్ ఉరికిండు, నల్లబట్టలోళ్లు వచ్చిండ్రన్నరు. అందరు రేడియోల్నే వచ్చిండ్రు. మా ఇంటికి ఒక్కడన్న రాలే" అనేవాడు. ఆంబోతులు కొట్లాడితే లేగల కాళ్లిరిగినట్టు అని నేనంటే, "మీ ఊర్ల గూడ జనరల్లున్నరా?" అని నవ్వాడు.

ఒకసారి కొత్త సైటుకు కంపెనీ పెద్దాయన వస్తున్నాడు, అందరూ యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని బస్సెక్కాలన్నారు. బట్టలు పట్టుకెళ్తే చాచా కొట్టు మూసి గడప మీద కూర్చున్నాడు. "పోకుండ్రి" అన్నాడు. ఇదేం మొండితనమని మావాళ్లు విసుక్కున్నారు.

నాకొక్కడికే చెప్పాడు. వాళ్లన్న జనరల్ సైన్యంలో కెప్టెన్. జనరల్ మీద తిరగబడ్డ ఆ నల్లబట్టలవాళ్లు గెలిచాక, రాజు తిరిగి వస్తున్నాడు, అధికారులంతా మంచి యూనిఫారాలు వేసుకుని స్వాగతం చెప్పడానికి లారీ ఎక్కండి అని మైకులో చెప్పారట. అన్న సంబరంగా గడ్డం గీసుకున్నాడట. రాజు రాలేదు. లారీ ఎక్కినవాళ్లూ తిరిగి రాలేదు.

"ఆ అంగీ నేనే ఇస్త్రీ చేసిన తమ్మీ. చిన్న పోరణ్ని. మంచిగ చేసినవని అన్న మెచ్చుకున్నడు."

అయినా పెద్దయ్యాక ఇదే పని పట్టుకున్నాడు.

మేం ముడతల బట్టలతోనే వెళ్లాం. సాయంత్రం బిర్యానీ పొట్లాలతో బస్సు దిగేసరికి చాచా గేటు దగ్గరే ఉన్నాడు. "అందరొచ్చిండ్రా?" అంటూ ఒక్కొక్కరి భుజం తడిమి చూశాడు.

అన్న గురించి ఆయన ఎప్పుడూ 'ఉండేవాడు' అనలేదు. "మా అన్నకు ఎండుచేపంటే పాణం" అనేవాడు. చనిపోయినవాళ్లకు చదివించే నమాజ్ కూడా అన్నకు చదివించలేదు. "చదివిస్తే సచ్చిపోయిండని నేనే ఒప్పుకున్నట్టు గదా" అన్నాడు.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోతే అన్న కోసం ఎదురుచూసేటోడు ఎవడుంటడు తమ్మీ? నాతోని పాటు ఆయనకు గూడ చదివియ్యి."

మన పద్ధతి కాదు, నాకేం తెలుసు? పాకిస్తానీ బస్సు డ్రైవరుకు చెప్పాను. ఆయన ఇమామ్‌కు చెప్పాడు. చాచాను మట్టిలో పెట్టి, చేతులు దులుపుకుని జనం వెళ్లిపోతుంటే ఇమామ్ వెనక్కి పిలిచాడు. దేహం దొరకని ఒక మనిషికి ఇంకో నమాజ్ ఉందన్నాడు. ఎవరా మనిషి అని ఒక్కరూ అడగలేదు.

నేను శ్మశానం గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. ముక్కూ మొహం తెలియని మనుషులు భుజానికి భుజం ఆనించి మళ్లీ వరుస కట్టారు. ఈసారి వాళ్ల ముందు పాడె లేదు. ఉత్త ఇసుక, దాని మీద గాలి.